ఒంటరి కయాక్‌కు నదిలో చోటు: చేప, ప్రవాహం, తిరుగుదారి కలిసే లెక్క

కయాక్ మీద, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ మీద, ఒంటరిగా వెళ్లి నదిలో గాలం వేయాలనుకునేవారు మంచి చోటు ఏదని నలుగురిని అడిగితే, రెండు రకాల జవాబులు వస్తాయి. గాలం వేయడంలో ఆరితేరినవారు చేప ఉన్న చోటే మంచి చోటంటారు. బండల చాటున తిరిగే నీరు, నీళ్లలోకి ఒరిగిన చెట్టు, ఆనకట్ట కింద నురగలు కక్కే మడుగు వారి జాబితాలో ముందుంటాయి. తెడ్డు వేయడంలో ఆరితేరినవారు సరిగ్గా ఆ చోట్లనే వేలెత్తి చూపి, అటువైపు వెళ్లవద్దంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అందుకే కొత్తవారికి అంత తికమక.

ఒంటరిగా వెళ్లేవారు నదిలో చోటు ఎంచుకోవడమంటే నాలుగు విషయాలను ఒకేసారి ఎంచుకోవడం: కయాక్ దింపే రేవు, ఆ రేవు నుంచి చేప ఉండే నీటి వరకు దారి, ఆ నీటికి దిగువన ఉన్నది, తిరిగి రేవు చేరడానికి కావలసిన బలం. చర్చలన్నీ రెండో విషయం చుట్టూ తిరుగుతాయి కానీ, నా దృష్టిలో ఒంటరి ప్రయాణం మంచిచెడ్డలను తేల్చేవి చివరి రెండు.

ఒంటరిగా వెళ్తే ఏం మారుతుంది

ఇద్దరు వెళ్లినప్పుడు ఒక వాహనాన్ని దిగువ రేవు దగ్గర ముందే వదిలి, ఎగువన కయాక్‌లు దింపి, ఏటివాలున హాయిగా సాగిపోవచ్చు. ఒక్కరే వెళ్లినప్పుడు, దిగువన సైకిలు దాచి ఉంచుకునే కొద్దిమందిని మినహాయిస్తే, బయలుదేరిన రేవుకే తిరిగి రావాలి. అంటే ప్రయాణంలో సగం ఏటికి ఎదురుగానే సాగుతుంది.

రెండో మార్పు కయాక్ బోల్తా పడినప్పుడు తెలుస్తుంది. తోడు ఉంటే ఒకరు పడవను పట్టుకుంటారు, మరొకరు కొట్టుకుపోతున్న తెడ్డును అందుకుంటారు. ఒక్కరే ఉంటే మనిషి, పడవ, తెడ్డు వేర్వేరు వేగాలతో విడిపోతాయి. చేపల వేటకు ఎక్కువగా వాడే కయాక్‌లు పైన కూర్చునే రకం. అడుగున ఉన్న రంధ్రాల గుండా నీరు తనంతట తాను కారిపోతుంది కాబట్టి వాటి మీద నీరు నిలవదు, తిరిగి ఎక్కడం కూడా సాధన చేసినవారికి సాధ్యమే. అయితే ఇవి వెడల్పుగా, బరువుగా ఉంటాయి. గాలపు కర్రలు, పెట్టెలు, లంగరు కట్టి ఉన్న కయాక్ తలకిందులైతే దాన్ని నీళ్లలో ఉండి తిప్పడం, ఖాళీ కయాక్‌ను తిప్పినంత సులువు కాదు. అందువల్ల చోటును అంచనా వేసేటప్పుడు, ఇక్కడ పడితే నీరు నన్ను ఎక్కడికి చేరుస్తుంది అన్న ప్రశ్న ముందు వస్తుంది. ఇసుక మేట మీదికి చేరిస్తే ఒక మాట. వంతెన స్తంభాల మధ్యకు చేరిస్తే వేరే మాట.

అసలు ఒంటరిగా వెళ్లడమే తగదనేవారు ఉన్నారు. ముగ్గురికి తక్కువగా నదిలోకి దిగకూడదన్న ఆనవాయితీ కయాకర్లలో ఎప్పటినుంచో ఉంది. ఆ నియమం ఉరవడి నదులను దృష్టిలో పెట్టుకుని పుట్టిందనీ, నిదానంగా పారే నీటికి దాన్ని యథాతథంగా అంటగట్టడం సరికాదనీ ఒంటరి వేటగాళ్ల వాదన. ఈ వాదనకు బలం ఉంది. నదుల కష్టాన్ని కొలిచే అంతర్జాతీయ శ్రేణిలో ఆరు తరగతులు ఉండగా, చిన్న అలలతో, అడ్డంకులు తక్కువగా ఉండి పారే నీరు మొదటి తరగతిలోకి వస్తుంది. ఒంటరి వేట గురించి మాట్లాడేవారంతా దాదాపు ఆ నీటి గురించే మాట్లాడుతున్నారు. కానీ ఆ శ్రేణిలోనే ఒక షరతు ఉంది: నీటి ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినా, జనసంచారం లేని ప్రాంతంలో దీర్ఘప్రయాణమైనా, నదిని ఒక తరగతి ఎక్కువ కష్టమైనదిగా లెక్కించాలి. కాబట్టి ఒక చోటు మొదటి తరగతిదా కాదా అన్నది రుతువుతో పాటు మారుతుంది.

క్యూసెక్కులు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

చాలా నదులకు నీటిమట్టం, ప్రవాహ పరిమాణం చూపే కొలమానాలు ఉంటాయి. ప్రవాహ పరిమాణం అంటే నదికి అడ్డంగా గీసిన ఒక గీతను సెకనుకు ఎంత నీరు దాటుతోందన్న లెక్క. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. ఒక ఘనపు మీటరు పారితే ఒక క్యుమెక్కు. ఒక క్యుమెక్కు సుమారు 35.3 క్యూసెక్కులకు సమానం.

ఈ అంకె ఎంత పెద్దదైతే నది అంత ఉరవడిగా ఉందనుకోవడం సహజం. అది కొంతవరకే నిజం. ఊహకు ఒక నదిని తీసుకుందాం. ఒకచోట దాని వెడల్పు 40 మీటర్లు, సగటు లోతు ఒక మీటరు, నీరు సెకనుకు అర మీటరు వేగంతో కదులుతోంది. మూడింటిని గుణిస్తే 20 క్యుమెక్కులు, అంటే దాదాపు 706 క్యూసెక్కులు. కాస్త దిగువన అదే నది 20 మీటర్లకు ఇరుకైపోయి, లోతు 0.8 మీటర్లకు తగ్గిందనుకుందాం. మధ్యలో ఉపనది ఏదీ కలవలేదు కాబట్టి అక్కడా 20 క్యుమెక్కులే పారాలి. అందుకు నీరు సెకనుకు 1.25 మీటర్ల వేగం అందుకోవాలి. అంటే గంటకు 4.5 కిలోమీటర్లు. కొలమానం చూపే అంకె రెండు చోట్లకూ ఒక్కటే. మొదటి చోట నడివయసు మనిషి అలసట లేకుండా తెడ్డు వేస్తాడు, రెండో చోట గట్టి చేతులున్నవారూ ఉన్నచోటే ఉండిపోతారు.

నీరు నెట్టే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు; పై ఉదాహరణలో వేగం రెండున్నర రెట్లు పెరిగింది కాబట్టి బలం ఆరు రెట్లు దాటింది. ప్రవాహానికి అడ్డంగా అర చదరపు మీటరు మేర తగిలే వస్తువు మీద, సెకనుకు అర మీటరు వేగంలో సుమారు ఆరు కిలోల బరువంత ఒత్తిడి పడితే, 1.25 మీటర్ల వేగంలో అది నలభై కిలోలకు చేరుతుంది. చూసే కంటికి రెండు చోట్లా నీరు కొంచెం తేడాతో పారుతున్నట్టే ఉంటుంది. కళ్లకు అందని తేడా చేతులకు, నడుముకు అందుతుంది.

కొలమానం లేని చోట తేలే పుల్ల సరిపోతుంది. ఒడ్డున 20 మీటర్ల దూరం గుర్తు పెట్టి పుల్లను నడిమి ప్రవాహంలోకి విసిరితే, అది ఆ దూరాన్ని 40 సెకన్లలో దాటితే గంటకు 1.8 కిలోమీటర్ల వేగం, 16 సెకన్లలో దాటితే 4.5 కిలోమీటర్ల వేగం.

వెళ్లడం ఇరవై నిమిషాలు, రావడం మూడు గంటలు

వెడల్పాటి చేపల కయాక్‌ను చాలాసేపు అలసిపోకుండా నడపగల వేగం నిలకడ నీటిలో గంటకు 5 కిలోమీటర్లు అనుకుందాం. మూడు కిలోమీటర్ల దిగువన మంచి మడుగు ఉంది. ప్రవాహ వేగం గంటకు 2 కిలోమీటర్లైతే, దిగడానికి 26 నిమిషాలు, తిరిగి ఎక్కడానికి గంట. ప్రవాహం 3 కిలోమీటర్లైతే దిగడం 22 నిమిషాలు, ఎక్కడం గంటన్నర. అదే 4 కిలోమీటర్లైతే దిగడం 20 నిమిషాలే. ఎక్కడానికి మూడు గంటలు పడుతుంది, అదీ ఒక్క నిమిషం ఆగకుండా తెడ్డు వేస్తే. వేటలో అలసిన చేతులు, మధ్యాహ్నం లేచిన ఎదురుగాలి ఈ లెక్కలో లేవు. దిగువకు పోయేటప్పుడు రెండు నిమిషాల తేడాగా కనిపించినది తిరుగుదారిలో గంటన్నర అవుతోంది. ఒంటరిగా వెళ్లినవారు చీకటి పడ్డాక కూడా నదిలోనే మిగిలిపోవడానికి ఈ లెక్క తలకెక్కకపోవడమే తరచుగా కారణమవుతుంది.

ముందు ఎగువకు వెళ్లాలన్న సలహా ఇక్కడి నుంచే వచ్చింది. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఏటికి ఎదురెక్కితే, అలసిపోయాక నీరే రేవుకు చేరుస్తుంది. ఇంకా ముఖ్యంగా, ఎక్కలేనంత ప్రవాహమైతే ఆ విషయం మొదటి పది నిమిషాల్లోనే, రేవు కనుచూపులో ఉండగానే తేలిపోతుంది. దీనికి ఎదురువాదన లేకపోలేదు. ఎగువన రాళ్ల మెరకలు ఎక్కువగా ఉండి దిగువన నిండు మడుగులు ఉన్న నదిలో, ఎగువకు వెళ్లడమంటే వేట సమయమంతా పడవను లాగుతూ గడపడమే. అలాంటి నదిలో కొందరు దిగువకు వెళ్తూనే ప్రతి అరకిలోమీటరుకూ వెనక్కి తిరిగి కాస్త దూరం ఎక్కి చూసి, అప్పుడు ముందుకు సాగుతారు. ఎదురెక్కి చూడకుండా దిగువకు పోకపోవడమే రెండు పద్ధతుల్లోనూ ఉన్న అసలు విషయం.

గాలి సంగతి వేరుగా చూడాలి. గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ శ్రేణిలో నాలుగో మెట్టు, అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి, తెల్లని నురగ అలలు లేపుతుంది. ఎత్తుగా కూర్చునే కయాక్ మీద మనిషి వీపే తెరచాప అయిపోతుంది. కొండల నడుమ లోయల్లో పగటి వేళ గాలి తరచుగా ఎగువ వైపుకు వీస్తుంది. అది తిరుగుదారిలో సాయపడుతుంది కానీ, ప్రవాహానికి ఎదురు వీచడం వల్ల అలలను నిటారుగా లేపుతుంది.

చేప నిలిచే నీరు

చేప కూడా ఇదే లెక్క వేసుకుంటుంది. ప్రవాహంలో నిలవడానికి బలం ఖర్చవుతుంది. ఆహారం మాత్రం ప్రవాహంతోనే కొట్టుకొస్తుంది. అందుకని చాలా నదీ చేపలు నెమ్మదైన నీటిలో నిలిచి, పక్కనే పారే వడి నీటి నుంచి ఆహారం అందుకుంటాయి. ఈ రెండు నీళ్లూ ఒరుసుకునే అంచే గాలం వేసేవారు వెతికేది.

ఆ అంచును దగ్గరగా చూడాలంటే నడుములోతు నీటిలో తేలిన ఒక బండను గమనించాలి. ఎగువ ముఖం మీద నీరు మెత్తగా ఉబ్బి, రెండు పక్కలకూ చీలి, బండను దాటగానే జడ అల్లినట్టు రెండు గీతలుగా సాగుతుంది. ఆ గీతల మధ్య ఉన్న నీటి మీద ఎండుటాకు పడితే అది దిగువకు పోదు. మెల్లగా తిరుగుతూ బండ వైపుకే, అంటే ఏటికి ఎదురుగా, వెనక్కి వస్తుంది. కయాకర్లు దీన్ని ఎడ్డీ అంటారు. గీత మీద నురగ బుడగలు బారుగా నిలుస్తాయి. ఎరను వడి నీటిలో వేసి ఆ నురగ బారు పక్కగా రానిస్తే, నిలకడ నీటిలో కాచుకున్న చేప కళ్ల ముందు నుంచే అది సాగుతుంది.

గాలం వేసేవారి సలహా, తెడ్డు వేసేవారి సలహా కలిసే తావు ఇదే. చేపకు విశ్రాంతినిచ్చే ఎడ్డీయే కయాక్‌కూ విశ్రాంతినిస్తుంది. లంగరు లేకుండా, తెడ్డు ఆపి, రెండు చేతులూ గాలానికి ఇచ్చి కూర్చోగల చోటు అది. ఏటికి ఎదురెక్కేటప్పుడు ఒక ఎడ్డీ నుంచి ఇంకో ఎడ్డీకి మెట్లు ఎక్కినట్టు ఎక్కవచ్చు. నది మలుపుల్లోనూ ఇదే పొత్తు కనిపిస్తుంది. బయటి ఒడ్డును ఒరుసుకుంటూ నీరు వేగంగా, లోతుగా పారుతుంది. లోపలి ఒడ్డున ఇసుక మేట వేసి, నీరు పల్చగా, నెమ్మదిగా ఉంటుంది. లోపలి ఒడ్డున కయాక్‌ను ఆనించి, బయటి లోతులోకి ఎర వేయడం వేటకూ క్షేమానికీ పనికొస్తుంది.

దూరం పోనక్కరలేదనడానికి నదీ స్వరూపం మీద జరిగిన అధ్యయనాలు ఒక ఆధారం ఇస్తాయి. సహజంగా పారే గులకరాళ్ల నదుల్లో మడుగు, మెరక, మళ్లీ మడుగు అన్న వరుస ఉంటుంది. ఒక మడుగుకూ తర్వాతి మడుగుకూ మధ్య దూరం సాధారణంగా నది వెడల్పుకు 5 నుంచి 7 రెట్లు. 40 మీటర్ల వెడల్పు నదిలో అది 200 నుంచి 280 మీటర్లు. అంటే ఒక కిలోమీటరు మేరలోనే నాలుగైదు మడుగులు దొరకవచ్చు. ఎండాకాలంలో ఆ మడుగుల తలభాగం, అంటే మెరక నుంచి నీరు దూకి మడుగులో కలిసే చోటు, మరింత విలువైనది. వెచ్చని నీరు ప్రాణవాయువును తక్కువగా కరిగించుకుంటుంది: సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాములు నిలుపుకోగలిగితే, 30 డిగ్రీల నీరు 7.6 మాత్రమే నిలుపుకోగలదు. రాళ్ల మీద గలగలా దొర్లే నీరు గాలిని కలుపుకుంటుంది కాబట్టి చేపలు అక్కడికి చేరతాయి.

చేపా ప్రమాదమూ కలిసి ఉండే చోట్లు

ఈ పొత్తు చెడే చోట్లు ఉన్నాయి, వాటిలో అన్నిటికన్నా చెడ్డది తక్కువ ఎత్తు ఆనకట్ట. చేపలు దాన్ని దాటి ఎగువకు పోలేక కింద గుమిగూడతాయి. అందుకే అక్కడ గాలానికి పని ఎక్కువ. గోడ మీదుగా పడిన నీరు అడుగుకు దూకి, దిగువన పైకి పొంగి, ఉపరితలం మీద మళ్లీ గోడ వైపుకే పారుతుంది. తేలే వస్తువేదైనా ఆ తిరుగుడులో చిక్కి బయటపడలేదు. లైఫ్ జాకెట్ ఉన్న మనిషికీ అదే గతి పట్టవచ్చు. గాలి బుడగలతో నిండిన నీరు సరిగా తేల్చదు కూడా. మీటరు ఎత్తు లేని గోడలు సైతం ప్రాణాలు తీశాయి. ఎగువ నుంచి వచ్చేవారికి గోడ కనిపించదు. నదికి అడ్డంగా గీసినట్టు నున్నని నీటి అంచు, దాని అవతల మొదళ్లు లేకుండా నడుము నుంచి మాత్రమే కనిపించే చెట్లు, అంతే. నీటి చప్పుడు చాలాసార్లు గోడ దాకా వెళ్లేవరకు వినిపించదు. ఆనకట్ట కింద వేట వేసేవారంతా మూర్ఖులని నేను అనను. పొంగు ముగిసి నీరు స్పష్టంగా దిగువకు పారే చోటు నుంచి, ఒడ్డున నిలబడి వేసేవారు చాలామంది. కానీ పొంగు ఎంతవరకు ఉంటుందన్నది ప్రవాహంతో పాటు మారుతుంది. నిన్న క్షేమంగా ఉన్న దూరం ఇవాళ చాలకపోవచ్చు. ఒంటరి కయాక్‌కు ఆ అనిశ్చితి భరించదగినది కాదని నా నిశ్చయం.

ప్రవాహంలో పడి ఉన్న చెట్టు రెండోది. కొమ్మల గుండా నీరు పోతుంది, పడవా మనిషీ పోలేరు; పై లెక్కలోని నలభై కిలోల ఒత్తిడి అక్కడ మనిషిని కొమ్మలకు అదిమిపెడుతుంది. నిలకడ మడుగులో ఒరిగిన చెట్టు మాత్రం మంచి వేట చోటే. రెండింటి మధ్య తేడా చెట్టులో ఉండదు, దాని గుండా నీరు పారుతోందా అన్నదానిలో ఉంటుంది.

లంగరు వేస్తే తప్ప నిలవలేని వడి నీరు మూడోది. లంగరు తాడు కయాక్ పక్క నుంచి దిగితే ప్రవాహం ఎగువ అంచును కిందికి తొక్కి క్షణాల్లో బోల్తా కొట్టిస్తుంది. తాడును ముక్కుకో తోకకో జరిపే కప్పీ ఏర్పాటు, వెంటనే విడిపోయే ముడి ఉంటే ఇబ్బంది లేదని అనుభవజ్ఞులు కొందరు అంటారు. నెమ్మదైన నీటిలో వారి మాట నిలుస్తుంది. లంగరు అవసరమే లేని చోటు పక్కనే ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నవారికి ఆ సాహసంతో వచ్చే లాభం తక్కువ.

ముసళ్లు తిరిగే నదుల్లో నీటికి జానెడు ఎత్తున కూర్చునే కయాక్ గురించి వేరే చర్చ అనవసరం.

ఎగువన జరిగేది, ఒంటికి జరిగేది

పై లెక్కలన్నీ నీటిమట్టం స్థిరంగా ఉందనుకుని వేసినవి. ఎగువన ఎక్కడో కురిసిన వాన నీరు ఎండ కాస్తున్న చోటికి గంటల తర్వాత చేరవచ్చు. జలవిద్యుత్ కేంద్రం ఉన్న నదిలో కరెంటు వాడకం పెరిగే వేళల్లో నీరు వదులుతారు, మట్టం నిమిషాల్లో లేస్తుంది. నీటి రంగు మట్టిగా మారడం, పుల్లలూ ఆకులూ ఒక్కసారిగా కొట్టుకురావడం, ఇందాక పొడిగా ఉన్న గులకరాళ్లు తడిసిపోవడం దాని గుర్తులు. కాబట్టి కొలమానంలో ఇప్పటి అంకె కన్నా, అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఎక్కువ చెబుతుంది.

నీటి చల్లదనం గురించి కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటి, పది, ఒకటి. బాగా చల్లని నీటిలో పడినప్పుడు ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు పట్టు తప్పకముందు పనికొచ్చే కదలికకు పది నిమిషాలు, ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. ఒంటరివారికి ఇందులో అసలు గడువు పది నిమిషాలు. ఒడ్డు ఎంత దూరమో, అది ఎక్కగల వాలుగా ఉందో నిట్టనిలువు గట్టుగా ఉందో ఆ పది నిమిషాలతో పోల్చి చూడాల్సి ఉంటుంది.

నీటి మీద తిరిగే హక్కు, చేప పట్టే హక్కు

ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. స్కాట్లండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం నదుల మీద బాధ్యతతో కయాక్ నడిపే హక్కును అందరికీ ఇచ్చింది. చేపలు పట్టడాన్ని మాత్రం ఆ హక్కు నుంచి మినహాయించింది. రేవు ఉన్న నేల ఒకరిది, నీటి మీద ప్రయాణం అందరిది, చేప మీద హక్కు మరొకరిది కావడం ఎన్నో దేశాల్లో ఉన్నదే. పటంలో రేవు కనిపించినంత మాత్రాన మిగతా రెండూ దొరికినట్టు కాదు.

రెండు చోట్లు, రెండు నీటిమట్టాలు

మొదట ఊహించిన నదినే మళ్లీ తీసుకుందాం. మొదటి చోట కాంక్రీటు రేవు ఉంది, వాహనం నీటి అంచు దాకా వస్తుంది. రేవుకు 300 మీటర్ల దిగువన నది ఇరుకై, సెకనుకు 1.25 మీటర్ల వేగంతో పారుతుంది; ఆ ఇరుకు దాటాక ఆనకట్ట. చేపలు ఇరుకుకు ముందున్న లోతులో దండిగా ఉంటాయి. రెండో చోటికి కయాక్‌ను చక్రాల బండి మీద కాలిబాట వెంట ఈడ్చుకుపోవాలి. అక్కడ నది పెద్ద మలుపు తిరుగుతుంది, లోపలి వైపు ఇసుక మేట, దిగువన కిలోమీటరు పొడవునా 40 మీటర్ల వెడల్పు నెమ్మది నీరు.

ప్రవాహం 20 క్యుమెక్కులు ఉన్న రోజున మొదటి చోట చేపలు ఎక్కువ పడవచ్చు. తెడ్డు జారినా, పెద్ద చేప పడవను లాగుతుండగా ధ్యాస తప్పినా, మిగిలేది ఆ 300 మీటర్లే. సెకనుకు అర మీటరు నీటిలో అది పది నిమిషాల దూరం. రెండో చోట అదే పొరపాటుకు నీరు ఇసుక మేట వైపో, నెమ్మది నీటిలోకో చేరుస్తుంది. తోడు ఉన్న రోజున మొదటి చోటును ఎంచుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఒంటరిగా అయితే, బండి ఈడ్చే శ్రమను కలుపుకున్నా, రెండోదే ఎంచుకుంటాను.

వానల తర్వాత ప్రవాహం 45 క్యుమెక్కులకు పెరిగిందనుకుందాం. రెండో చోట ఇసుక మేట మునిగిపోతుంది. దిగి నిలబడగల అంచు ఉండదు, బండల చాటు ఎడ్డీలు కొన్ని చెదిరిపోయి, కొత్తవి ఒడ్డున రెల్లు పొదల పక్కన ఏర్పడతాయి. నీరు నెమ్మదించిన ఆ కొద్ది పట్టీలోకే చేపలూ చేరతాయి కాబట్టి, ఆ రోజుల్లో ఒడ్డున నిలబడి వేసిన గాలానికే అవి అందుతాయి, కయాక్ దింపాల్సిన పని ఉండదు.